కోడింగ్ రాకుండా ఆఫీసు యాప్: షీటా, యాప్‌షీటా, జోహోనా, ఏఐనా?

నెల్లూరు జిల్లా అల్లూరు వైపు రొయ్యల మేత, మందులు అమ్మే ఒక డీలర్ ఆఫీసులో నేను లెక్కలు చూస్తాను. చదివింది బీకాం. ప్రోగ్రామింగ్ అంటే కాలేజీలో ఒక సెమిస్టర్ సి లాంగ్వేజ్, అదీ బట్టీ పట్టి గట్టెక్కిందే. అయినా ఇప్పుడు మా ఆఫీసులో తొమ్మిది మంది రోజూ వాడే యాప్ నేను కట్టిందే. ఈ సంగతి తెలిసినవాళ్లు కావలి నుంచీ ఒంగోలు నుంచీ ఫోన్ చేసి, తాము దేంతో మొదలుపెట్టాలని అడుగుతుంటారు. ఫోన్‌లో అరగంట చెప్పేదాన్నే ఇక్కడ రాస్తున్నాను. అన్ని టూల్స్‌నీ సమానంగా తూచే ఉద్దేశం లేదు. చేయి కాలిన చోట ఎక్కువసేపు ఆగుతాను.

ముందు మా పని గురించి నాలుగు ముక్కలు. వెనామీ రకం రొయ్య పిల్లల్ని గుంటల్లో (రొయ్యల చెరువుల్లో) వదిలిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా మూడు నుంచి నాలుగు నెలలు. ఆ నెలల్లో మేత చాలావరకు అరువు మీదే పోతుంది. రైతు ఫోన్ చేస్తాడు. గోడౌన్ కుర్రాడు బస్తాలు ఎత్తించి పుస్తకంలో రాస్తాడు. టెక్నీషియన్ గుంటల మీదికి వెళ్లి నీళ్లు పరీక్ష చేసి, డైరీలో రాసి, ఆ పేజీ ఫోటో వాట్సాప్‌లో పెడతాడు. సాయంత్రం ఈ రెండూ ముందు పెట్టుకుని నేను ఎక్సెల్‌లో కొట్టేదాన్ని. ఒకసారి ఒక పెంచలయ్యకు వెళ్లిన బస్తాలు ఇంకో పెంచలయ్య ఖాతాలో పడ్డాయి. నెల్లూరు జిల్లాలో పెంచలయ్యలు, మస్తానయ్యలు ఎందరుంటారో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఇద్దరూ ఒకే రోజు లెక్క తేల్చుకోవడానికి వచ్చారు. ఆ పూట గడిచేసరికి మా ఓనరు గారు "యాప్ చేయించమ్మా, ఎంతైనా పర్లేదు" అన్నారు. టౌన్లో ఒక డెవలపర్ లక్షన్నర, నాలుగు నెలలు అన్నాడు. "ఎంతైనా పర్లేదు" అన్న మాట మళ్లీ వినపడలేదు.

టూల్ పేరు ఎత్తకముందు

ఎవరు ఫోన్ చేసినా నేను మూడు సంగతులు అడుగుతాను. రాసే మనిషి ఎక్కడ నిలబడి రాస్తాడు? ఎవరు దేన్ని చూడకూడదు? మీరు రేపు ఉద్యోగం మానేస్తే దాన్ని ఎవరు చూసుకుంటారు? ఈ మూడూ తేలితే టూల్ చాలావరకు దానంతటదే తేలిపోతుంది. ఫీచర్ల పట్టికలు చూసి ఎంచుకున్నవాళ్లు నెలకే ఇంకో టూల్‌కి మారడం నేను చూశాను.

ఇంకో పని కూడా ఉంది. ఒకరోజు కంప్యూటర్ ముట్టుకోకుండా తెల్లకాగితం మీద మీ రిజిస్టర్లు గీయండి. నేను మొదట్లో రైతు పేరు పక్కనే గుంట 1, గుంట 2, గుంట 3, గుంట 4 అని వరసగా గళ్లు పెట్టాను. వారం తిరక్కుండానే ఒకాయన అయిదో గుంట లీజుకు తీసుకున్నాడు. అప్పుడు తెలిసింది, రైతులది ఒక పట్టిక, గుంటలది ఇంకోటి, రోజువారీ రాతలది మూడోది అయి ఉండాలని. ఒక రైతుకు ఎన్ని గుంటలైనా ఉండొచ్చు, ఒక గుంటకు వంద రోజుల రాతలైనా ఉండొచ్చు. ప్రతి రైతుకూ ఒక నంబరు ఇచ్చి, పేరు బదులు ఆ నంబరుతోనే పట్టికలు కలపాలి. పెంచలయ్యల గొడవ అక్కడే సగం తీరింది, ఇంకా ఏ యాప్ కట్టకముందే.

ఈ పని డెవలపర్ కంటే ఆ పుస్తకం రోజూ రాసేవాళ్లే బాగా చేస్తారని నా నమ్మకం. "పాత బాకీ" అంటే పోయిన పంటదా, పోయిన నెలదా అన్నది మా గోడౌన్ కుర్రాడికి తెలిసినంత ఏ కంపెనీకీ తెలియదు.

గూగుల్ ఫారం, షీట్

పైసా ఖర్చు లేకుండా పది నిమిషాల్లో మొదలయ్యేది ఇదే. సెలవు దరఖాస్తు, ఫిర్యాదులు, మీటింగుకు ఎవరు వస్తున్నారు లాంటి వాటికి ఇంతకంటే పెద్దది వెతకడం దండగ. ఒక షీట్‌లో కోటి గళ్ల దాకా పడతాయి కాబట్టి చిన్న ఆఫీసుకు చోటు సమస్య కాదు. ఎవరైనా పొరపాటున చెరిపినా వెర్షన్ హిస్టరీలోకి వెళ్లి నిన్నటి షీట్ వెనక్కి తెచ్చుకోవచ్చు.

మేం రెండు నెలలు దీంతోనే నడిపాం. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, ఫారం నింపే కుర్రాడికి నిన్న అదే గుంటలో రీడింగు ఎంతో కనపడదు. ఫారానికి ఒకవైపే దారి. పేరు టైప్ చేయనిస్తే సుబ్బారెడ్డి, సుబ్బా రెడ్డి, సుబ్బరెడ్డి అని ఒకే మనిషికి మూడు ఖాతాలు తయారవుతాయి. డ్రాప్‌డౌన్ పెడితే రెండొందల పేర్లు వేలితో జరపాలి. నెట్ లేకపోతే ఫారం పంపడం కుదరదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు, ఎవరు ఏం చూడొచ్చన్నది. షీట్ చూసే అనుమతి ఇచ్చామంటే మొత్తం చూడనిచ్చినట్టే. దాచిన ట్యాబ్ నిజానికి దాగదు, ఫైల్ కాపీ చేసుకుంటే బయటపడుతుంది. గళ్లకు తాళం వేసినా అది మార్చకుండా ఆపుతుంది గానీ చూడకుండా ఆపదు. ఏ రైతుకు బస్తా మీద ఎంత తగ్గించామో పక్క రైతుకు తెలిస్తే మా వ్యాపారంలో ఏమవుతుందో ఊహించుకోండి.

ఇక ఎక్సెల్ ఫైలే వాట్సాప్‌లో తిప్పుకుంటాం అనేవాళ్లకు ఒక్కటే గుర్తుచేస్తాను. 2020 శరదృతువులో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. ల్యాబుల నుంచి వచ్చిన వివరాలను పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో ఎక్కిస్తే, దానికి 65,536 వరసలే పడతాయి, మిగతావి జారిపోయాయి. అంత పెద్ద ప్రభుత్వానికే అలా అయింది. మన "ఫైనల్ కొత్తది 3" ఫైల్ సంగతి సరేసరి.

యాప్‌షీట్, మేం నిలబడిన చోటు

యాప్‌షీట్‌ని 2020లో గూగుల్ కొనేసింది. దీని సుగుణం ఏమిటంటే, మీకున్న షీట్ మీదే కూర్చుంటుంది. పట్టికలు సరిగ్గా గీసి ఉంటే ఒక పూటలో ఫోన్‌లో నడిచే యాప్ వస్తుంది, కంప్యూటర్ బ్రౌజర్‌లోనూ తెరుచుకుంటుంది. ఫోటో, లొకేషన్, డ్రాప్‌డౌన్ అన్నీ ఉంటాయి. పేర్లు, బటన్లు తెలుగులో పెట్టుకోవచ్చు. మేం పెట్టుకున్నాం.

మేం దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం సిగ్నల్. గుంటల నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున అన్ని వేళలకంటే తక్కువగా ఉంటుంది, రాత్రంతా నీళ్లలోని నాచు కూడా దాన్ని పీల్చేస్తుంది కాబట్టి. అందుకని టెక్నీషియన్లు చీకటితోనే వెళ్తారు. సముద్రం దగ్గరి గట్ల మీద చాలాచోట్ల ఫోన్‌లో ఒక్క గీత కూడా ఉండదు. యాప్‌షీట్ నెట్ లేకపోయినా రాసుకుని, సిగ్నల్ తగిలాక పంపుతుంది. ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే గడి ఎర్రబడి, ఆఫీసుకు మెసేజ్ వచ్చేట్టు పెట్టాను. మొదటి రోజు భలే గర్వంగా అనిపించింది. తర్వాత ఒక టెక్నీషియన్ చెప్పాడు, "అక్కా, నేను రోడ్డెక్కేదాకా ఆ మెసేజ్ నా జేబులోనే ఉంటుంది గదా" అని. నిజమే. కాబట్టి మా దగ్గర నియమం ఏమిటంటే, ఏరేటర్ (నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రం) వేయమని పక్కనున్న రైతుకు అక్కడికక్కడే చెప్పాలి. యాప్‌లో రాసేది రికార్డు కోసం. ఆఫ్‌లైన్ అన్న మాట వినగానే పొంగిపోకుండా, ఆ రాత ఎప్పుడు చేరితే పనికొస్తుందో మీరూ ఆలోచించుకోండి.

నేను చేసిన పెద్ద తప్పు ఒకటి. ప్రతి వరసకూ మారని గుర్తు ఒకటి ఉండాలి, దాన్ని కీ అంటారు. నేను బద్ధకించి షీట్‌లోని వరస నంబరునే కీగా పెట్టాను. ఒక రాత్రి షీట్‌ని రైతు పేర్ల వారీగా సార్ట్ చేశాను. పొద్దున చూస్తే ఒకరి గుంట రీడింగు మీద ఇంకొకరి సవరణ వచ్చి కూర్చుంది. తప్పు టూల్‌ది కాదు, వరస నంబరు కీగా పెట్టొద్దని వాళ్లు రాసే ఉంచారు. యునీక్ ఐడీ అనే ఫార్ములా ఒక్కటి పెడితే అయిపోయేది. రెండు రోజులు వెర్షన్ హిస్టరీలో కూర్చుని సరిచేశాను.

ఇంకోటి, స్లైస్ పెట్టి కొన్ని వరసలు కనపడకుండా చేస్తే భద్రత వచ్చేసిందనుకోవద్దు. స్లైస్ తెర మీద మాత్రమే దాస్తుంది. సెక్యూరిటీ ఫిల్టర్ పెడితేనే ఎవరి రైతుల వివరాలు వాళ్ల ఫోన్‌కి మాత్రమే దిగుతాయి. దీనివల్ల వేగమూ పెరుగుతుంది, ఎందుకంటే ఈ యాప్ సమాచారాన్ని ఫోన్‌లోకి దించుకుని పనిచేస్తుంది. పాత పంటల రాతలన్నీ అందులోనే ఉంచితే చవక ఫోన్లు మూలుగుతాయి. పంట అయిపోగానే నేను ఆ వరసలను వేరే షీట్‌కి మారుస్తాను.

ఖర్చు సంగతి. పరీక్షించుకునే దశలో పది మంది దాకా ఉచితం. తర్వాత మనిషికి నెలకు 5 డాలర్ల నుంచి మొదలవుతుంది. ఆ కింది ధర లెక్కన తొమ్మిది మందికి నెలకు సుమారు 4 వేల రూపాయలు. మీ ఆఫీసు ఇప్పటికే గూగుల్ వర్క్‌స్పేస్‌కి డబ్బు కడుతుంటే అందులోనే కలిసి వస్తుందేమో ముందు చూసుకోండి, చాలా ప్లాన్లలో ఉంటుంది. అందం మీద ఆశ పెట్టుకోవద్దు. యాప్‌షీట్ యాప్‌లన్నీ అక్కచెల్లెళ్లలా ఉంటాయి.

జోహో క్రియేటర్ ఎప్పుడంటే

చీమకుర్తిలో గ్రానైట్ యార్డులో పనిచేసే ఒక స్నేహితురాలు ఇదే ప్రశ్నతో ఫోన్ చేసింది. వాళ్ల అవసరం మాదాన్ని తిరగేసినట్టుంటుంది. బ్లాకు మీద రంగుతో నంబరు రాసి ఉంటుంది, కోశాక ఏ స్లాబులు ఏ బ్లాకువో, చదరపు అడుగులు ఎన్నో, పాలిష్ అయ్యాయో లేదో తెలియాలి. యార్డులో నెట్ బాగానే ఉంది. కానీ కొనేవాళ్లు బయటి ఊళ్లలో ఉంటారు. వాళ్లు లాగిన్ అయి తమకోసం పక్కన పెట్టిన గెలాక్సీ రకం గ్రానైట్ స్లాబుల ఫోటోలు మాత్రమే చూడాలి.

తనకు నేను జోహో క్రియేటర్ చెప్పాను. 2006 నుంచి ఉన్న సరుకు, చెన్నై కంపెనీది. రూపాయల్లో బిల్లు వస్తుంది, మన దేశంలోనే డేటా సెంటర్లు ఉన్నాయి. బయటివాళ్లకు లాగిన్ ఇవ్వడానికి కస్టమర్ పోర్టల్ అని వేరే ఏర్పాటు ఉంది. సూపర్‌వైజర్ ఒప్పుకుంటే గానీ లోడింగ్ కదలకూడదు లాంటి దశల పనులు ఇందులో చక్కగా కుదురుతాయి. కాస్త లోతుకు వెళ్లాలంటే డెల్యూజ్ అనే వాళ్ల సొంత స్క్రిప్టు ఉంది. నేను చూసినంతలో ఎక్సెల్ ఫార్ములాలు రాసేవాళ్లకు అది భయపెట్టేదేమీ కాదు.

తేడా ఎక్కడంటే, ఇక్కడ మీ సమాచారం షీట్‌లో ఉండదు, జోహో లోపలికి వెళ్లిపోతుంది. మొదలుపెట్టడానికి ఎక్కువ టైమ్ పడుతుంది. బదులుగా ఎవరో షీట్ తెరిచి గడి చెరిపేస్తారన్న టెన్షన్ ఉండదు. ఒక్క చేత్తో గట్టు మీద నిలబడి రాసేవాళ్లకు మాత్రం యాప్‌షీట్ తెరలే నాకు నచ్చాయి.

పవర్ యాప్స్

ఇది మైక్రోసాఫ్ట్ వాళ్ల టూల్. మీ ఆఫీసులో మైక్రోసాఫ్ట్ 365 ఉంటేనే దీని గురించి ఆలోచించండి. ఉంటే షేర్‌పాయింట్ లిస్టుల (అందులోనే ఉండే ఆన్‌లైన్ పట్టికల) మీద కట్టుకోవడానికి చాలా ప్లాన్లలో వేరే డబ్బు కట్టక్కర్లేదు. ప్రీమియం కనెక్టర్లు (బయటి సాఫ్ట్‌వేర్‌లతో కలిపేవి), డేటావర్స్ (వాళ్ల పెద్ద డేటాబేస్) జోలికి వెళ్తే మాత్రం వేరే లైసెన్సు. ఫార్ములాలు ఎక్సెల్ పోలికలోనే ఉంటాయి. నేర్చుకోవడం ఇక్కడ చెప్పిన కోడ్‌లేని టూల్స్‌లో ఇదే కష్టం, తెర మీద ప్రతి పెట్టెనూ మనమే పేర్చుకోవాలి.

ఒక గోతి గురించి చెప్పాలి. కొన్ని రకాల ఫార్ములాలు వాడితే పవర్ యాప్స్ మొదటి 500 వరసలే తెచ్చుకుని లెక్క వేస్తుంది. సెట్టింగ్ మార్చినా 2,000 దాకానే. ఒంగోలులో ఒక ఆఫీసులో నాకు తెలిసినాయన నెల మొత్తం చూపించే తెర కట్టాడు. మొత్తం తక్కువ వస్తోంది, వాడేవాళ్లకు ఎర్రర్ ఏమీ లేదు. కట్టేటప్పుడు పసుపు రంగు త్రికోణం ఒకటి హెచ్చరికగా వచ్చిందట, పట్టించుకోలేదు. ఎర్రర్ ఇచ్చే యాప్ నయం. తప్పు లెక్కను నిబ్బరంగా చూపించే యాప్‌తోనే కొంప మునుగుతుంది.

ఎయిర్‌టేబుల్ గురించి కూడా అడుగుతారు. షీట్‌లా కనపడే ఆన్‌లైన్ పట్టికల టూల్, చూడముచ్చటగా ఉంటుంది. ఉచిత ప్లాన్‌లో ఒక బేస్‌కు (అంటే ఒక పట్టికల కట్టకు) 1,000 రికార్డులే. రోజుకు అరవై గుంటల రీడింగులు రాస్తే పదిహేడో రోజుకు నిండిపోతుంది. పెళ్లి పనుల జాబితాకు బాగుంటుంది.

ఏఐ చేత రాయించుకుంటే?

ఈ మధ్య అందరూ అడిగేది ఇదే. మనం మాటల్లో చెప్తే ఏఐ కోడ్ రాసిపెడుతుంది, దాన్నే వైబ్ కోడింగ్ అంటున్నారు. కాలిన్స్ నిఘంటువు 2025కి ఆ మాటనే ఏటి మేటి పదంగా ఎంచుకుంది. నేనూ చేసి చూశాను. అరువు ఖాతాల యాప్ కావాలని తెలుగులోనే రాశాను. ఇరవై నిమిషాల్లో వచ్చిన తెరలు చూస్తే, నా యాప్‌షీట్ మీద నాకే చిన్నచూపు కలిగింది.

మర్నాటి నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. ఇది ఏ సర్వర్ మీద ఉంటుంది? దానికి నెలనెలా ఎవరు కడతారు? బ్యాకప్ ఎక్కడ? లాగిన్ తనిఖీ సర్వర్‌లో జరుగుతోందా, బటన్‌ని ఊరికే దాచారా? జమ తేదీ మార్చమంటే మార్చింది, దాంతోపాటు వడ్డీ లెక్క చెడింది. ఎందుకు చెడిందో కోడ్ చూసి చెప్పగల మనిషి మా ఆఫీసులో లేడు. అప్పుల పుస్తకాన్ని నేను చదవలేని భాషలో రాసుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

అయితే ఏఐని పక్కన పెట్టేయలేదు. నా షీట్‌లోనే యాప్స్ స్క్రిప్ట్ అని చిన్న చిన్న కోడ్ ముక్కలు పెట్టుకునే చోటు ఉంది. సర్వర్ బాధ ఉండదు, మన గూగుల్ అకౌంట్‌లోనే నడుస్తుంది. దీంతో చిన్నపాటి వెబ్ పేజీ కూడా కట్టుకోవచ్చు. రోజూ సాయంత్రం బాకీల పట్టిక ఓనరు గారికి ఈమెయిల్ వెళ్లే ముప్ఫై లైన్ల స్క్రిప్టు ఏఐ రాసిందే. ప్రతి లైను ఏం చేస్తుందో తెలుగులో అడిగి తెలుసుకుని, ముందు కాపీ షీట్ మీద నడిపి, తర్వాతే అసలుదాంట్లో పెట్టాను. మామూలు జీమెయిల్ అకౌంట్‌తో రోజుకు 100 మందికే మెయిల్ పోతుంది, ఒక్కో స్క్రిప్టు ఆరు నిమిషాలకు మించి నడవదు. మాకు అంతే చాలు. రైతుల ఫోన్ నంబర్లు, బాకీలు ఏఐకి అతికించకండి. ఉత్తుత్తి పేర్లతో పది వరసలు ఇస్తే దానికి సరిపోతుంది.

కోడ్ చదవగలిగే మనిషి ఒక్కరు ఆఫీసులో ఉన్నా నా సలహా మారుతుంది. వాళ్లు ఏఐతో పూర్తి యాప్ కట్టడం ఇప్పుడు సబబైన దారే.

బయటపడే దారి ముందే చూసుకోండి

గూగుల్ యాప్ మేకర్ అని ఇలాంటిదే ఒకటి ఉండేది. 2021 జనవరి 19న మూసేశారు. అమెజాన్ 2020లో హనీకోడ్ తెచ్చి, 2024 ఫిబ్రవరి 29న ఆపేసింది. పెద్ద పేర్లు కాబట్టి శాశ్వతం అనుకోవడానికి లేదు. ఏ టూల్ అయినా మొదటి రోజే ఎక్స్‌పోర్ట్ బటన్ ఎక్కడుందో వెతకండి. నేను నెలాఖరున అన్ని పట్టికలూ దించి పెన్‌డ్రైవ్‌లో వేసి ఓనరు గారి బీరువాలో పెడతాను. యాప్‌షీట్‌లో ఈ బాధ తక్కువ, యాప్ పోయినా షీట్ మిగులుతుంది.

అకౌంట్ ఎవరి పేరున ఉందన్నది ఇంకా ముఖ్యం. మా పక్క డీలర్ దగ్గర ఒక కుర్రాడు చాలా తెలివిగా యాప్ కట్టాడు, తన సొంత జీమెయిల్‌తో. తర్వాత గల్ఫ్ వెళ్లాడు. ఓటీపీ కోసం వీళ్లు అర్ధరాత్రి దాకా మేలుకుని అతనికి ఫోన్లు చేసేవాళ్లు. ఆఫీసు పేరుతో ఒక ఈమెయిల్ తెరిచి, రికవరీ నంబరు ఓనరుది పెట్టి, అందులోనే కట్టండి.

ఆధార్ ఫోటోలు, పాస్‌బుక్ జిరాక్సులు యాప్‌లో ఎక్కించాలని అందరికీ సరదా పుడుతుంది. వద్దు. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో జరిమానాలు 250 కోట్ల దాకా ఉన్నాయి. చిన్న దుకాణం మీదికి ఎవరూ అంతదూరం రాకపోవచ్చు గానీ, అవసరం లేనిది దగ్గర పెట్టుకోవడం దేనికి?

బిల్లింగ్, జీఎస్టీ టాలీలోనే ఉంచండి. అది మళ్లీ కట్టాలనుకునేవాళ్లను నేను గట్టిగా ఆపుతాను. డబ్బు ఆన్‌లైన్‌లో తీసుకోవాలన్నా, వేల మంది బయటి జనం వాడాలన్నా డెవలపర్‌కి లక్షన్నర ఇవ్వడమే చవక. అప్పటికి మీరు ఏడాది నడిపిన షీట్ చేతిలో ఉంటే, ఏం కావాలో అతనికి చూపించడానికి అదే పనికొస్తుంది.

మేం యాప్‌లోకి తేలేకపోయింది ఒకటుంది, చెక్ ట్రే. రోజుకు నాలుగు మేతలు, వేసిన కాసేపటికి ట్రే ఎత్తి ఎంత మిగిలిందో చూడాలి. ఆ లెక్క కూడా ఫోన్‌లో కొట్టించాలని ఒక నెల పట్టుబట్టాను. ఉప్పునీళ్ల చేతులు, మేత జిగురు, టచ్ పనిచేయదు. ఇప్పుడు గుంట పక్క షెడ్డులో అట్టకు కట్టిన కాగితమే ఉంది, దానికి దారంతో వేలాడే పెన్సిల్. టెక్నీషియన్ వారానికోసారి దాన్ని ఫోటో తీసి యాప్‌లో పెడతాడు. పెన్ను ఎందుకు పెట్టలేదని ఒక రైతును అడిగితే, "పెన్ను రాత తడిస్తే కారిపోతుంది గదమ్మా" అన్నాడు.